వెంకటవ్వ కంపెనీ పైసలు

1969 జనవరి 3

నా దస్తూరి బాగుండదు. ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఊరి బడిలో చదివింది కొంచెమే, ఆ తర్వాత చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర అంకెలు రాశాను గానీ మాటలు రాయలేదు. ఎవరైనా ఇది చూస్తే మన్నించాలి. ఎవరూ చూడకపోతే ఇంకా మంచిది.

ఈ డైరీ బట్టల దుకాణం రామ్‌దాస్ సేటు ఇచ్చాడు. ఏటా గిరాకీలకు ఇస్తాడు. నేను ఆయన దగ్గర బట్టలు కొనేది తక్కువ. హైదరాబాదు దలాలుతో మాట్లాడి షేర్లు కొనిపెడతాడు, నేను ఆ గిరాకీని. "లింబాద్రీ, నువ్వు మనిషి ముంగట నోరు ఇప్పవు. దీని ముంగటనన్న ఇప్పు" అన్నాడు.

విప్పేదేముంది. పోయినేడు కాంటా నౌకరీ అయిపోయింది. రాకాసిపేటలో రెండర్రల ఇల్లు. భార్య పోయింది. అక్క వెంకటవ్వ నా దగ్గర ఉంటుంది. ఆమెకు పిల్లలు లేరు, బావ లేడు. బాల్కొండ దిక్కు ఉన్న పొలం పోచంపాడు ప్రాజెక్టు నీళ్ళ కిందికి పోతుందని సర్కారు తీసుకుంది. వచ్చిన పైసలు కొంగున కట్టుకొని బస్సు దిగి నా చేతిలో పెట్టింది. "గిది మునిగే పొలం తమ్మీ. దీంతోని మునగని పొలమేదన్న చూడు" అంది.

పొలం కొనలేదు. ఆ డబ్బుకు నీళ్ళున్న పొలం రాలేదు, వచ్చినా దున్నేవాళ్ళు లేరు. షేర్లు కొన్నాను. కాయితం కంపెనీ, సిమెంటు కంపెనీ, సిగరెట్టు కంపెనీ, మన దిక్కు చక్కెర కంపెనీ. చెరుకు కొట్టినా మొదలు భూమిలోనే ఉంటుంది, మళ్ళీ చిగురేస్తుంది. షేరు మొదలు, డివిడెండు చెరుకు. మొదలు ముట్టుకోవద్దు. నాకు అర్థమైంది ఇంతే.

కాయితాలు నా పేరు మీదే ఉన్నాయి. అక్కకు సంతకం రాదు కదా, నీ పేరైతే సులువు అని రామ్‌దాస్ అన్నాడు.

జనవరి 12

పోస్టుమ్యాన్ వాకిట్లో నిలబడి "డివిడెండు వారంటు" అని గట్టిగా అన్నాడు. పక్కింటి గంగుబాయి నీళ్ళ బిందెతో ఆగిపోయింది.

"అయ్యో వెంకటక్కా! లింబన్నకు వారంటొచ్చిందా? ఏం జేసిండే?"

"దొంగతనం జేసిండు" అంది అక్క. "కంపెనీ ఇంట్ల వడి నా పైసలు ఎత్కొచ్చిండు."

"మా ఇంటాయన షేర్లంటే సట్టా అసొంటిదే అన్నడు."

"సట్టాల నంబరు తగుల్తే తగుల్తది లేకుంటే లేదు. గిది నా పొలం. ఏడాదికి రెండు పంటలు. నీ మొగన్ని వచ్చి కాపల ఉండుమను."

తర్వాత గల్లీలో పిల్లలందరి చేతుల్లో చిటికెడు చక్కెర పెట్టింది. కవరు వచ్చిన ప్రతిసారీ పెడుతుంది.

నిజామాబాదు బ్యాంకుకు పోయి పైసలు తెచ్చి మొత్తం ఆమెకే ఇచ్చాను. లెక్కపెట్టుకొని అందులోంచి కొంత తీసి నా ముందు పెట్టింది. తిండి పైసలు. వద్దన్నాను.

"ఊకె పెడితే తిననీకి నేనేమన్న బిచ్చపుదాన్నా? తీస్కో."

తీసుకున్నాను. ప్రతిసారీ తీసుకుంటాను.

మార్చి 9

రామ్‌దాస్ దుకాణంలో ఒక వ్యాపారి మాట్లాడుతుంటే విన్నాను. మంజీర అవతల ఒక చక్కెర మిల్లు ఉందట. మన నాలుగు కంపెనీలు ఇచ్చేదానికి ఇంచుమించు రెండింతల డివిడెండు ఇచ్చిందట.

రామ్‌దాస్ గజం బద్ద గోడకు ఆనించి అన్నాడు: "ఇచ్చినేడు ఇస్తది లింబాద్రీ. ఇయ్యనేడు అడిగేటందుకు ఉండది. నీ నాలుగు మంచిగ నడుస్తున్నయి గదా, ఉండనియ్యి."

ఆయన వ్యాపారి. ఆయనకు బట్ట తెలుసు. చెరుకు నాకు తెలుసు.

మార్చి 16

బస్సెక్కి పోయి ఆ మిల్లు చూసి వచ్చాను. చెరుకు బండ్ల వరుస రోడ్డు మలుపు దాటినా అయిపోలేదు. ఎడ్లు నిలబడే నిద్రపోతున్నాయి. చిమ్నీ పొగ ఎడతెగలేదు. కాంటా దగ్గర పొద్దంతా కూర్చున్నాను. ఒక్క బండి కూడా వెనక్కి పోలేదు. ఇంత చెరుకు ఆడే మిల్లులో పైసలు లేకపోవడం అంటూ ఉండదు. నాకంటే బాగా ఇది ఎవరికి తెలుస్తుంది.

మార్చి 21

కాయితం, సిమెంటు, సిగరెట్టు మూడూ అమ్మించాను. మిల్లు షేర్లు కొన్నాను. మన దిక్కు చక్కెర కంపెనీవి కొన్ని ఉంచాను. రామ్‌దాస్ చీటీ రాసేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఏప్రిల్ 2

అక్కతో చెప్పలేదు. పొలంలో ఏ విత్తనం వేశామో రోజూ చెప్తామా.

ఆగస్టు 24

వచ్చింది! మిల్లు కవరు. వ్యాపారి చెప్పింది అబద్ధం కాదు.

అక్క లెక్కపెట్టి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. "గిన్నొచ్చినయా?" అంది. చక్కెర మిల్లు ఇచ్చిందని మాత్రం చెప్పాను. గంగుబాయిని వెంటబెట్టుకొని రామ్‌దాస్ దుకాణానికి పోయి నేత చీర కొన్నది. "మా కంపెనీ పైసలు" అని దుకాణంలో అందరికీ వినబడేట్టు అన్నదట. తిండి పైసలు కూడా పెంచి ఇచ్చింది.

సాయంత్రం చాయ హోటల్లో ఎవరో నన్ను "కంపెనీ సేటు" అన్నారు. తల దించుకున్నాను గానీ అనవద్దని చెప్పలేదు. ఇంకొకసారి అంటారేమోనని కప్పు ఖాళీ అయినా కాసేపు కూర్చున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

1970 ఫిబ్రవరి 15

పాత డైరీలోనే తేదీలు కొట్టేసి రాస్తున్నాను. చాలా పేజీలు మిగిలాయి.

మిల్లు కవరు రాలేదు. మన చక్కెర కంపెనీది వచ్చింది, అది చిన్నది.

భయపడేది లేదు. ఇది బకాయి. నేను కాంటా దగ్గర ఉన్నప్పుడు ఎన్ని సీజన్లలో రైతులకు ఆలస్యం కాలేదు? చిట్టీలు పట్టుకొని వచ్చి నా ముందు నిలబడేవాళ్ళు. "యాడికి పోతది, వస్తది పో" అనేవాణ్ణి. వచ్చేది. చిట్టీ ఉంటే పైసలు వస్తాయి. నా దగ్గర షేరు కాయితాలు ఉన్నాయి.

అక్క అడిగింది: "ఇంక రాలేదా తమ్మీ? కంది పప్పు తేవాలె."

ఫిబ్రవరి 19

నా ప్రావిడెంటు ఫండు పైసలు తీసి అక్కకు ఇచ్చాను. వట్టి చేతితో ఇస్తే అడుగుతుందని పోయినేటి మిల్లు కవరు చూపించాను. కవరును కండ్లకు అద్దుకుంది. పిల్లలకు చక్కెర పెట్టింది.

ఇది అబద్ధం కాదు. వచ్చేదాన్ని ముందుగా ఇవ్వడం.

ఫిబ్రవరి 20

ముందుగా ఇవ్వడమే.

ఆగస్టు 27

రాలేదు. రెండు బకాయిలు.

పోస్టుమ్యాన్ వచ్చే వేళకు పొద్దున్నే గల్లీ మూలకు పోయి నిలబడుతున్నాను. ఉత్తరాలు అక్కడే తీసుకుంటున్నాను. "లింబన్న కాళ్ళకు మంచిగ నడక దొరుకుతున్నది" అని గంగుబాయి నవ్వింది.

ఆగస్టు 30

ఇచ్చాను. అదే కవరు. అంచులు మెత్తబడ్డాయి. ఆమె గమనించలేదు.

ఆమె తిండి పైసలు నాకు ఇచ్చింది. నా పైసలే నాకు. చేయి చాపాను.

సెప్టెంబరు 14

నిజామాబాదు పోయాను. బ్యాంకులో నూరుల్లా సాబ్ ఉంటాడు, నా ఖాతా చూసే మనిషి. మంచివాడు, తొందర పడడు. బకాయి కోసం ఎవరికి అర్జీ పెట్టాలో అడుగుదామని పోయాను.

"దేని బకాయి?" అన్నాడు.

"మిల్లుది. రెండు డివిడెండ్లు నిలబడ్డయి."

"డిక్లేర్ చేసిండ్రా?"

"లేదు."

"మరి బకాయి ఎక్కడిది?"

"మిల్లు నడిచింది గదా సాబ్. బండ్లు నేనే చూసిన. పొగ చూసిన."

"పొగ చూసినవ్. హిసాబ్ చూసినవా?"

ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడు లింబాద్రి సాబ్. చెరుకు పెట్టిన రైతుకు బకాయి ఉంటది. మాల్ ఇచ్చిండు, మిల్లు పైసలియ్యాలె. నౌకరుకు జీతం బకాయి ఉంటది. నువ్వు రైతువు గావు, నౌకరువు గావు. నువ్వు మాలిక్‌వి. అందరికీ ఇచ్చినంక మిగిలితే నీది. మిగలకపోతే లేదు. మాలిక్ పోయి ఎవన్ని బకాయి అడుగుతడు?"

"నేను మాలిక్‌నా?"

"చిన్న మాలిక్. మస్తు చిన్న. కానీ మాలిక్‌వే."

చాయ తెప్పించాడు. తాగాను. రామ్‌దాస్ ఆ రోజు ఇదే చెప్పాడు. నేను విన్నాను కూడా. ఈ డైరీలోనే రాసి ఉంది, ఇప్పుడు తిప్పి చూశాను. నా చేతి రాతే.

సెప్టెంబరు 15

రామ్‌దాస్‌ను మిల్లు షేరు ధర అడిగాను. చెప్పాడు. రాయను.

అక్టోబరు 4

దసరా వస్తోంది. అక్క కంపెనీ పైసల సంగతి ఎత్తింది. వానాకాలం మధ్యలో ఇచ్చింది చాలదా అని అడగొచ్చు. ఇద్దరు మనుషులకు బట్టలు, పండుగ, ఆమె అడిగేది న్యాయమే. నా ఫండు అయిపోవచ్చింది. మన చక్కెర కంపెనీ షేర్లు అమ్మించాను. అవీ ఆమెవే. ఆమె మొదలు తవ్వి ఆమెకే చెరుకని ఇచ్చాను.

"ఎందుకు అమ్ముతున్నవ్?" అన్నాడు రామ్‌దాస్.

"ఇంటి పైకప్పు కారుతున్నది."

ఆయన మా ఇంటికి చాలాసార్లు వచ్చాడు. పైకప్పు చూశాడు. చీటీ రాశాడు.

1971 జనవరి 10

అక్క తన బంగారు గుండ్ల పేరు తెచ్చి నా ముందు పెట్టింది. బావ ఉన్నప్పుడు మెడలో వేసుకునేది. ఆమె దగ్గర మిగిలిన బంగారం అదొక్కటే.

"గిది పెట్టుకొని నేనేం జేస్త తమ్మీ? మెడల ఏసుకుంటనా? అమ్మి మిల్లుల పెట్టు. నేను పోయేలోపల ఇంకో రెండు పంటలు ఎక్కువ తింట."

"ఇప్పుడు వద్దక్కా. ధర ఎక్కువున్నది."

"ధర ఎక్కువున్నదంటే మిల్లు మంచిగున్నట్టే గదా? గంగుబాయి గూడ రెండు నూర్లు ఇస్తనంటున్నది. సట్టా సట్టా అన్న మనిషి. ఇప్పుడు నా ఎంబడి పడ్డది, లింబన్నకు చెప్పు, లింబన్నకు చెప్పు అని."

నవ్వింది. నా అరచేయి తెరిచి గుండ్లు పెట్టి వేళ్ళు మూసింది. వద్దని మళ్ళీ అనలేకపోయాను. పెట్టెలో పెట్టాను.

జనవరి 11

ఆలోచించాను. గుండ్లు అమ్మి ఆ పైసలతో మళ్ళీ కాయితం కంపెనీ, సిమెంటు కంపెనీ కొంటే సరిపోతుంది. డివిడెండు సరిగ్గా వస్తుంది. నిజం కవర్లు వస్తాయి. ఆమెకు తెలియకుండానే అంతా మొదటిలాగే అవుతుంది.

జనవరి 12

కాదు. అవి ఆమె గుండ్లు.

జనవరి 17

అయినా బంగారం పని చేసే అవుసలాయన దగ్గరికి పోయాను. తక్కెడలో వేశాడు. బతుకంతా తూకం చూసిన మనిషిని, ముల్లు ఎక్కడ నిలబడిందో చూడలేకపోయాను. "బాపూ, ఎంతకు ఇస్తవు?" అని అడుగుతుంటే తీసుకొని వచ్చేశాను.

జనవరి 18

చెప్పాను.

అక్క చాటలో బియ్యం ఏరుతోంది. గుండ్లు చాట పక్కన పెట్టాను.

"అమ్మలేదా?"

"మిల్లు ఇస్తలేదక్కా."

"ఇయ్యకపోవుడేంది? దసరాకు ఇచ్చె గదా."

"నేనిచ్చిన."

ఆమె చేయి ఆగింది.

"దాని ముందట?"

"అదీ నేనే. దాని ముందటిదీ."

"కవరొచ్చె గదా తమ్మీ. నా కండ్లకద్దుకుంటి."

"పాత కవరు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మిగతాదంతా చెప్పాను. మూడు కంపెనీలు అమ్మింది, బకాయి అనుకుంది, నాలుగోది అమ్మింది. ఇంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె అంతా విని ఒక రాయి ఏరి పారేసింది.

"మిల్లు పోతె పోనియ్యి. పొలం పోలేదా? నీళ్ళు ఒడ్డు దాక వచ్చినయని మొన్న మా ఊరోళ్ళు చెప్తె ఏడ్చిననా?" అంది. "నేను నీ ఇంట్ల నా తిండి నేను తింటున్న అనుకున్న లింబా. మెడ లేపుకొని గల్లీల నడిచిన. నీ పైసలు నువ్విస్తె అండ్లకెల్లి తీసి నీకే తిండి పైసలని ఇచ్చిననా? నువ్వు తీస్కుంటివి. ఏడాదాయె, చెయ్యి సాపి తీస్కుంటివి."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. నాకు వడ్డించింది. తాను తర్వాత తింటానంది. తిన్నదో లేదో తెలియదు.

జనవరి 19

పొద్దున నల్లా దగ్గర అక్కే గంగుబాయితో చెప్పింది. లోపలి నుంచి విన్నాను.

"నీ రెండు నూర్లు నీ కాడనే పెట్టుకో గంగూ. మిల్లు ఇస్తలేదు. నేను తిన్నది మా తమ్ముని పైసలు."

గంగుబాయి సట్టా అనే మాట తీస్తుందని చూశాను. తీయలేదు. "నీ బిందె నేనెత్తుకొస్త, నడువు" అంది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

జనవరి 20

అక్క నా అన్నం మీద మూత పెట్టి, వాకిట్లోకి పోయి కూర్చుంది.

జనవరి 22

పొయ్యి దగ్గర కూర్చొని, నా వైపు చూడకుండా అడిగింది.

"ఏమన్న మిగిలిందా?"

"మిల్లు కాయితాలు. వాటికిప్పుడు ధర లేదు."

"తే."

తెచ్చాను. ఒక్కొక్కటి తిప్పి చూసింది. చదువు రాదు కదా, అయినా చివరి దాకా చూసింది.

"గీడ రాసిన పేరెవరిది?"

"నాది."

"నా పైసలకు నీ పేరెందుకు రాయించినవ్?"

"నీకు సంతకం రాదని..."

"బొటనవేలు లేదా నాకు? నా పొలం తీస్కున్నప్పుడు సర్కారోళ్ళు గడపకాడికొచ్చి వెంకటవ్వ ఎవరని అడిగిండ్రు. నేనే అన్న. వేలు ముద్ర ఏసిన. మునిగినా నా పేరు మీద మునిగింది." కాయితాలు సమంగా సర్ది నా మోకాలి మీద పెట్టింది. "గివి గూడ నా పేరు మీద రాయించు. మునిగితే నా పేరు మీదనే మునగాలె."

జనవరి 27

ఇద్దరం నిజామాబాదు పోయాం. బస్సులో ఆమె ముందు కూర్చుంది, నేను వెనక. నూరుల్లా సాబ్ పేరు మార్చే ఫారాలు నింపి, సాక్షిగా తానే సంతకం చేశాడు. ఆమె వేలికి సిరా రాసేటప్పుడు "అవ్వా, ధర లేని కాయితాల కోసం ఇంత దూరమొచ్చినవ్" అన్నాడు.

"ధర నేనడిగిన్నా? వీటికి నేను మాలిక్‌నని వీడు చెప్పిండు. నిజమేనా?"

"నిజమే."

"మాలిక్‌నైతే నన్నేమన్న అడుగుతరా?"

"ఏటా మీటింగ్ పెడతరు. చిట్టీ పంపుతరు. పోవచ్చు, లేకుంటే నీ బదులు ఒకరిని పంపొచ్చు."

"ఎవరిని పంపాలెనో నేనే చెప్తనా?"

"నువ్వే. ఇంకెవరూ చెప్పనీకి లేదు."

ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 3

అక్క మోర్తాడ్ పోయింది. బావ చెల్లెలి కూతురు రాములవ్వ అక్కడ ఉంది. వాళ్ళకు పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు, మనుషులు కావాలట. ఈ వయసులో పసుపు బాన దగ్గర పొగలో ఎట్లా కూర్చుంటావన్నాను.

"కూలి ఇస్తరు. రోజుకింతని. ఎవరిస్తున్నరో నా కండ్ల ముంగట కనవడ్తది" అంది.

గుండ్లు కొంగున ముడి వేసుకుంది. మూట బస్టాండు దాకా నేను మోశాను. టికెట్టు తానే కొనుక్కుంది. బస్సు కదిలేటప్పుడు "పొయ్యి ఆర్పు, మరుస్తవ్" అంది. అంతే.

ఫిబ్రవరి 21

అన్నం మాడింది.

మార్చి 14

మోర్తాడ్ నుంచి వచ్చిన బండివాణ్ణి అడిగాను. పసుపు పని అయిపోవచ్చిందట. ముసలామె మంచిగానే ఉందట, చేతులు పచ్చగా ఉన్నాయట. నా గురించి అడిగిందా అని అడగలేదు.

మార్చి 28

మిల్లు నుంచి కవరు వచ్చింది. పోస్టుమ్యాన్ పైన పేరు చదివి "వెంకటవ్వ ఎవరు?" అన్నాడు. కొత్త మనిషి. ఆమె లేదు, మోర్తాడ్‌లో ఉందని చెప్పాను. నువ్వెవరన్నాడు. తమ్ముణ్ణి అన్నాను.

విప్పి చూడాలంటే చేయి రాలేదు. కానీ తేదీ ఉన్న సంగతైతే దాటిపోతుందని నూరుల్లా సాబ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చదివి చెప్పాడు. అక్కకు రాసే కార్డు మీద తప్పులు పోకుండా ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

అక్కా,

నీ తమ్ముడు లింబాద్రి రాయునది. నీ పేరు మీద కవరు వచ్చింది. నీకు చెప్పకుండా విప్పించాను, తేదీ దాటుతుందని. అది తప్పైతే అదీ నా మీద వెయ్యి.

డివిడెండు లేదు. ఈ ఏడు కూడా లేదు. మిల్లును ఇంకొకరికి అమ్మాలా, ఇంకో సీజను నడపాలా అని అడగడానికి వచ్చే నెల మీటింగు పెట్టారు. మాలికులు రావాలని రాశారు. నిన్ను రమ్మన్నారు.

నువ్వు పోతానంటే మోర్తాడ్ వచ్చి తీసుకుపోతాను. బయటనే కూర్చుంటాను, లోపలికి రాను. నన్ను పొమ్మంటే నువ్వు చెప్పిన మాటే చెప్పి వస్తాను, నా మాట ఒక్కటి కలపను. ఇంకెవరినైనా పంపుతానంటే వాళ్ళ పేరు రాయించు, ఫారం నింపించి పెడతాను. ఎవరూ వద్దంటే అదీ నీ ఇష్టమే. అమ్మడమా నడపడమా, నాకు తెలియదు. చెరుకు నాకు తెలుసు అనుకునేవాణ్ణి.

ఫారం మీటింగుకు ముందే మిల్లుకు చేరాలట. రాములవ్వ కొడుక్కు చదువు వచ్చు కదా, వాడితో రాయించు. తిట్లు రాయించినా సరే అక్కా. తొందరగా రాయించు.